ముందటి పర్సోం, ఎనుకటి పర్సోం

ఉర్దూలో నిన్నకూ రేపటికీ ఒకటే మాట, కల్. మొన్నకూ ఎల్లుండికీ ఒకటే మాట, పర్సోం. అంత తియ్యటి భాషలో ఇంకో రెండు మాటలకు కరువొచ్చిందా అని కోస్గి పల్లికాయ మిల్లులో పనిచేసినన్నాళ్లూ నేను మా ఇంజన్ మిస్త్రీని అడుగుతూనే ఉన్నాను. పాలమూరు నుంచి వచ్చిన ముసలాయన. అందరం చాచా అనేవాళ్లం. మాట చివర ఏముందో వింటే ఏ రోజో తెలిసిపోతుంది గదా అని నవ్వేవాడు. మాట చివరికొచ్చేసరికి ఆయన నోట్లో పాన్ తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. ఇక నేనేం వినాలి?

ఆ పాన్ వల్ల, ఆ పర్సోం వల్ల, వాటికన్నా ఎక్కువగా నా తొందర వల్ల ముప్పై బస్తాల పల్లికాయ బూజు పట్టవలసింది. దాంతోపాటు ఇరవై ఇద్దరు ఆడవాళ్ల పని పోవలసింది. ఆ ఇరవై ఇద్దరిలో నేనొకదాన్ని, వాళ్ల మీద మేస్త్రిని కూడా నేనే. ఆ బుధవారం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ శనివారం తలుచుకుంటే మాత్రం ఈ వయసులో కూడా నా మెడ దానంతటదే నిటారవుతుంది.

అప్పటికి హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి నాలుగైదేళ్లయింది. నాకు ఇరవై ఏడో, ఇరవై ఎనిమిదో. ఐదో తరగతి దాకా చదివాను, బస్తా మీద రాసింది చదవగలను, నోరు పెద్దది. మేస్త్రి కావడానికి ఇంకేం కావాలి? మిల్లులో ఒకటే ఆయిల్ ఇంజన్. దాని నుంచి తోలు పట్టాలు పోయి రెండు మిషన్లను తిప్పేవి. ఒకటి నూనె మిషన్, ఇంకొకటి కాయ మిషన్. కాయ మిషన్ పొట్టు పగలగొట్టి గింజ దించితే, పక్కన రేకుల షెడ్డులో మేము కూర్చుని రాళ్లూ, పుచ్చులూ, విరిగిన పలుకులూ ఏరేసి నిండు గింజను వేరు చేసేవాళ్లం. షెడ్డులో సగం మంది మొగుడు పోయినవాళ్లో, మొగుడు బొంబాయి కూలికి పోయి మళ్లీ ముఖం చూపించనివాళ్లో. ఆ రేకుల కింద నీడ తప్ప వాళ్లకు వేరే నీడ లేదు.

ఆ ఏడు వానాకాలంలో కొత్త మేనేజర్ వచ్చాడు. కృష్ణా ఒడ్డునుంచి, కోస్తా మనిషి. తెల్ల చొక్కా, చేతికి గడియారం. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయనకు గడియారం మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. వచ్చిన వారానికే పెద్ద అట్టమీద గడులు గీసి, ఏ రోజు ఏ గంటకు ఏ మిషన్ తిరగాలో, ఎవరు ఎక్కడ ఉండాలో రాసి, ఇంజన్ గదిలో గోడకు తగిలించాడు. మేము దానికి నవగ్రహాల పటం అని పేరు పెట్టాం. ఏ గడిలో ఎవరికి పీడ ఉందో అందులో చూసుకుంటే తెలిసేది.

ఆయనే ఒకరోజు నన్ను పిలిచి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. గుంటూరు వైపు జల్లెడ మిషన్లు వచ్చాయట. ఇరవై మంది ఏరేది ఆ మిషన్ ఒక్కటే ఏరి పడేస్తుందట. మా సేటు ఇంకా తేల్చుకోలేదు. పట్నం వ్యాపారి ఒకాయన పలుకు విరగని నిండు గింజ కావాలని అడిగాడు, ఆ లోడు శనివారం లారీ ఎక్కాలి. వేళకు, శుభ్రంగా పోయిందా, షెడ్డు ఉంటుంది. బస్తా తగ్గినా, గింజ బూజు పట్టినా వచ్చే నెల నుంచి షెడ్డు బంద్. నేను ఆ మాట షెడ్డులో చెప్పలేదు. చెప్తే ఏడుస్తారు, ఏడుస్తూ ఏరితే రాళ్లు కనిపించవు.

బుధవారం పొద్దున మబ్బు పట్టి ఉంది. కాయ మిషన్‌కు పొడి కాయ పోస్తే గింజ ముక్కలవుతుంది. అందుకని ముందుగా కాయ మీద నీళ్లు చల్లి, తడి గోనెలు కప్పి ఒక పూట ఉంచుతాం. పొట్టు మెత్తబడి గింజ నిండుగా దిగుతుంది. కానీ తడిపిన కాయ ఆగదు. రెండు రోజులు దాటితే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. అందుకే మిషన్ పట్టా బాగుందో లేదో తెలుసుకోకుండా నీళ్ల కుండ ముట్టకూడదని మిల్లులో రివాజు. కాయ మిషన్ పట్టా అప్పటికి రెండు చోట్ల పీలికలై ఉంది.

నేను రివాజు తప్పలేదు. మిస్త్రీ నూనె మిషన్ దగ్గర కూర్చుని ఉంటే పోయి అడిగాను, పట్టా సంగతేంది చాచా అని. ఆయన బుగ్గలో పాన్ అటునుంచి ఇటు తిప్పుకుని, "పర్సోం కా కామ్ హై" అన్నాడు. ఇంకేం! సోమవారం నాడు ఆయన సూదీ దారంతో ఆ పట్టా మీద కుస్తీ పడుతుంటే నా కళ్లతో చూశాను. మొన్న అయిపోయిన పనే కదా అనుకున్నాను. నలభై బస్తాలు విప్పించి, కుప్ప పోయించి, నీళ్లు చల్లించి గోనెలు కప్పించాను. మేనేజర్ పటంలో కూడా ఆ రోజు గడిలో కాయ అనే ఉంది.

మధ్యాహ్నం మిస్త్రీ వచ్చి కుప్పను చూసి నిలబడిపోయాడు. పాన్ ఉమ్మేసి వచ్చాడు. అప్పుడే తెలిసింది నాకు, ఏదో జరిగిందని.

"పట్టా ఎల్లుండి మారుస్తా అన్న బిడ్డా," అన్నాడు.

"నువ్వు పర్సోం అన్నవ్. నేను మొన్న అనుకున్న."

సోమవారం నాడు ఆయన కుట్టింది తాత్కాలికం. కొత్త పట్టా కోసం గురువారం బస్సులో పట్నం పోయి శుక్రవారం మాపటికి తెచ్చి వేయాలని ఆయన లెక్క. అప్పటికి తడిపిన కాయకు రెండు రోజులు దాటిపోతాయి. మేనేజర్ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఒక మాటకు రెండు రోజులెలా ఉంటాయని అడిగాడు. ఆయనకు ఉర్దూ రాదు. చెప్పాను. చెప్తుంటే నాకే వినడానికి బాగాలేదు. ఇంతమంది మధ్య బతుకుతూ ఇది మీకు ఇన్నేళ్లలో ఎప్పుడూ అడ్డం పడలేదా అన్నాడు. పడింది, కానీ ఇంత గట్టిగా పడలేదు.

తడిపాక చేసేదేముంది. మిస్త్రీ బిస్మిల్లా అని పాత పట్టానే తగిలించాడు. పది బస్తాలు కొట్టిందో లేదో, ఫటేల్మని తెగింది. తెగిన కొస పోయి గోడకు తగిలి నవగ్రహాల పటం నట్టనడుమ చిరిగింది. ఇంకోరోజైతే పగలబడి నవ్వేదాన్ని. తప్పు నాదే అన్నాను, అందరూ వినేటట్టు. నా నోట ఆ మాట రావడం ఎవరూ ఎరగరు కాబట్టి, ఏరే పని వదిలేసి షెడ్డు ఆడవాళ్లంతా వచ్చి నన్ను చూశారు. ఇక దాచి లాభం లేదని జల్లెడ మిషన్ సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు.

అదే సమయానికి చినుకు మొదలైంది. కార్తీకంలో వచ్చే తుఫాను ముసురు. ఎండ ఉంటే కాయను పలుచగా పరిచి ఆరబెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఆ దారి పోయింది. మేనేజర్ కాగితం తీసుకుని గడులు గీయడం మొదలుపెట్టాడు. తాండూరు మిల్లుకు పంపుదామా అన్నాడు, వాగు దాటి బండి పోదు. నూనె మిషన్‌లో పోసేద్దామా అన్నాడు, తడి గింజ నూనెకు పనికిరాదు. ఇరవై ఇద్దరినీ కూర్చోబెట్టి చేత్తో ఒలిపిద్దామా అన్నాడు. ఒలిస్తే ఐదు రోజులు. మా చేతిలో ఉన్నవి రెండు. ఒక్కొక్క గడీ గీస్తున్నాడు, కొట్టేస్తున్నాడు.

నూనె మిషన్ పట్టా గానీ, ఇంకెక్కడి తునకలైనా గానీ అతికించలేవా చాచా అని మిస్త్రీని బతిమాలాను. దాని కొలత వేరు, దీని కొలత వేరు అని తలూపాడు. "బదల్ కుఛ్ నహీ బిడ్డా," అన్నాడు. మార్చి వేయడానికి ఇంకోటి లేదని. పొద్దున ఆయన మాట తప్పు విని కొంప మీదికి తెచ్చుకున్నానా, ఇప్పుడు ఆయన మాటే ఇంకో తీరుగా వినబడింది. బదల్ అంటే నాకు బదులు అని వినబడింది.

మా దిక్కు వ్యవసాయం చేసే ఇళ్లలో బదులు అంటే ఏమిటో చెప్పాలి. ఈ రోజు నా చేనుకు నువ్వొస్తే, నీ చేనుకు ఇంకోరోజు నేనొస్తాను. కూలి లేదు, కాగితం లేదు. వచ్చిన చేయికి చేయి. బదులు ఎగ్గొట్టినదాని ముఖం ఊళ్లో ఎవరూ చూడరు. ఇప్పుడు చేలల్లో పల్లికాయ పీకే కాలం. ముసురులో చెట్టు పీకలేరు, బురదలో కాలు పెట్టలేరు, ఆడవాళ్లంతా ఇళ్లల్లోనే ఉంటారు. ముసురు తగ్గిన మరుక్షణం మాత్రం అందరికీ ఒకేసారి మనుషులు కావాలి. తడిసిన భూమిలో కాయ ఎక్కువ రోజులుంటే అక్కడే మొలకెత్తుతుంది. మాకు చూస్తే, చేతులు ఈ రోజు కావాలి, రేపు కావాలి. ఆ తర్వాత పట్టా వచ్చి బిగించేదాకా మా ఇరవై ఇద్దరమూ, హమాలీలూ ఖాళీయే. వాన రోజు చేతులు మిల్లుకు రావాలి, ఎండ రోజు చేతులు చేలకు పోవాలి. అంతే సంగతి. గడులు గీసేవాళ్లకు గడిలో ఉన్నదే కనబడుతుంది, గడి బయట వాన పడుతుందన్నది కనబడదు.

బదులు తెద్దాం సార్ అన్నాను మేనేజర్‌తో. ఆయన బెదిరిపోయి, సేటు గారు ఊళ్లో లేరు, బదులు తేవడానికి నాకు అధికారం లేదన్నాడు. వాళ్ల దిక్కు బదులంటే అప్పు అట. ఆ రోజు మొదటిసారి నవ్వాను. రూపాయి బదులు కాదు, మనిషి బదులు అని కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, ఎవరొస్తారు, ఎందుకొస్తారు, రేపు మీవాళ్లు పోకపోతే ఏం చేస్తారు అని అడిగాడు. ఆ మూడింటికీ జవాబు ఒక మనిషి దగ్గర ఉంది. ఆ మనిషితో నేను మాట్లాడి రెండేళ్లయింది.

మా అత్త. కోస్గికి క్రోసు దూరంలో ఊళ్లో, పెద్ద కొడుకు దగ్గర ఉండేది. నేను చేను పని వదిలి మిల్లుకు పోతానన్న రోజు మా ఇద్దరికీ పెద్ద కొట్లాట అయింది. ఆడదానికి మిషన్ పనేందని ఆమె, బురద పనేందని నేను. నేను అన్న మాటలు ఇక్కడ రాయను. మా ఇంటాయన్ను తీసుకుని కోస్గిలో కిరాయికి దిగాను. పండగలకు ఆయనొక్కడే పోయి వచ్చేవాడు.

గోనెసంచి కొప్పెర వేసుకుని ముసురులో నడిచాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. గడపలో నిలబడేసరికి ఒక్కటీ గుర్తు లేదు. అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి, రెండేండ్లకు తొవ్వ దొరికిందా అంది. నేను గడప దాటకుండానే అంతా చెప్పాను. పర్సోం సంగతి, నలభై బస్తాల సంగతి, షెడ్డు సంగతి. చివరకు బదులు అడిగాను. అడుగుతుంటేనే నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. మిల్లుకు పోయిన ఏడాది నేను ఎంతమందికి బదులు బాకీ ఉన్నానో. ఆ కోపంలో ఎవరి చేనుకూ పోలేదు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడుగుతున్నాను?

అత్త నా ముఖం చూసే కనిపెట్టింది. పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

"నువ్వు ఎగ్గొట్టిన బదుల్లు నేను తీర్చిన. పదకొండు దినాలు పోయిన, నీ పేరు మీద. ఒక్కదాని ముంగట నిన్ను తక్కువ చెయ్యలే."

నాకెందుకు చెప్పలేదు అత్తా అన్నాను.

"చెప్తే కొట్లాడుతవ్. లే, కొప్పెర తియ్యకు. ఇల్లిల్లు తిరగాలె."

ఇద్దరం తిరిగాం. అత్త అడిగితే కాదన్న ఇల్లు లేదు. అందరికీ ఒకటే మాట చెప్పింది, ముసురు ఇడిసిన దినం మిల్లు ఆడోళ్లు, హమాలీలు మీ చేన్లల్ల ఉంటరు, రాకుంటె నా కొప్పు పట్టి అడుగున్రి అని. ఇచ్చిన మాట నాది, కుదువ పెట్టిన కొప్పు ఆమెది. అది గుర్తుంచుకోమని నాకు వేరే చెప్పనక్కర లేకపోయింది.

గురువారం తెల్లవారేసరికి మిల్లు గేటు ముందు గొంగళ్లు, గోనెలు కప్పుకుని అరవై మందికి పైగా ఆడవాళ్లు. మేనేజర్ తలుపు తీసి వాళ్లను చూసి గడియారం చూసుకున్నాడు, ఏ గడిలో రాయాలో తెలియక. మిస్త్రీ అప్పుడే బస్సుకు పోతున్నాడు. ఎప్పుడొస్తావు చాచా అన్నాను. కల్ అని, నా చూపు చూసి, వేలు ముందుకు చాపి చూపించాడు. అది చూసి షెడ్డంతా గొల్లుమని నవ్వింది. ఆ పూట మొదలు ఎవరు పర్సోం అన్నా, "ముందటిదా, ఎనుకటిదా?" అని అడగడం మొదలైంది. ఎల్లుండి అయితే చేయి ముందుకు చాపాలి, మొన్న అయితే బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపాలి. మధ్యాహ్నానికి అది మిల్లు చట్టమైపోయింది.

షెడ్డు నిండింది, ఇంజన్ గది నిండింది, మేనేజర్ గది కూడా నిండింది. తడిసిన పొట్టు బొటనవేలితో నొక్కితే టప్‌మని విచ్చుకుంటుంది. ఒకరు చిన్నగా పాట ఎత్తుకుంటే అరవై నోళ్లు అందుకునేవి. చంటిపిల్లల తల్లులు గోడవార, పాలిస్తూనే ఒలిచారు. మేనేజర్ కొంతసేపు అటూ ఇటూ తిరిగి, నిలబడ్డ మగవాణ్ని చూస్తే మాకు చేయి ఆడదని ఎవరో అంటే, చొక్కా చేతులు మడిచి మా అత్త పక్కన కూర్చున్నాడు. అరగంటకు బొటనవేలు బొబ్బెక్కింది. సార్ గడియారం తీసి పెడితే వేలుకు గాలి ఆడుతుందని అత్త సలహా ఇచ్చింది. ఆయన నిజంగానే తీసి జేబులో పెట్టుకున్నాడు. మాపటికి చూస్తే సగానికి పైగా ఒలిచారు. ఇంకో రోజు ముసురు పట్టిందా, గట్టెక్కినట్టే అనుకున్నాను. వాన పడాలని దండం పెట్టుకున్న రైతు ఇంటి కోడలిని ఆ ఏడు నేనొక్కదాన్నే అయి ఉంటాను.

శుక్రవారం కళ్లు తెరిచేసరికి ఫెళఫెళా ఎండ.

వచ్చినవాళ్లు గేటు దగ్గరే నిలబడ్డారు, లోపలికి రాలేదు. వాళ్ల తప్పు లేదు. ఎండ వస్తే చేను, మాట అదే. లోపల ఇంకా ఎనిమిది బస్తాల కాయ ఉంది. నా నాలుక చివరిదాకా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, సూర్యుడి మీదేమో. మేనేజర్ గబగబా వచ్చి, ఒక్క పూట ఆగమని చెప్పండి మేస్త్రమ్మా, మధ్యాహ్నం నుంచి మనవాళ్లు పోతారని చెప్పండి అన్నాడు. అడిగితే ఆగుతారేమో కూడా. నేను అత్త వైపు చూశాను. ఆమె కొప్పు ముడి వేసుకుంటోంది.

"లేదు సార్. మాటంటె మాటనే. మేం పోతం," అన్నాను.

అప్పుడు అత్త లేచింది. చేను పని అందరూ చేయలేరు, వంగి గుంజే నడుము ఉన్నవాళ్లే చేనుకు పోవాలి అంది. మోకాళ్లు పట్టుకుపోయిన ముసలివాళ్లు, బాలింతలు, పొలంలో ఉన్నా గట్టు మీద కూర్చునేవాళ్లు, వాళ్ల వేళ్లకు ఏమైందని అడిగింది. ఒక్కొక్కరినీ చూస్తూ నువ్వు అటు, నువ్వు ఇటు అని విడదీసింది. ఎండ వచ్చింది కాబట్టి మిగిలిన కాయను వాకిట్లో పలుచగా పోస్తే ఇంకో రోజు ఆగుతుంది, ఒలిచిన గింజ కూడా ఆరుతుంది అంది. అంతా చెప్పి నా జాగాలో, నేను కూర్చునే పీట మీద కూర్చుని, ఇంకా నిలబడ్డవేంది, పో అంది నాతో. రెండేళ్లు నేను మేస్త్రిని. ఆమె రెండు నిమిషాల్లో అయింది.

మా ఇరవై ఇద్దరమూ, హమాలీలూ, ఊరివాళ్లూ కలిసి చేలకు పోయాం. నానిన నేల, చెట్టు కుదురు పట్టి గుంజితే కాయ గుత్తులతో లేచి వస్తోంది. ఒక చేను అయ్యి ఇంకో చేను. రెండేళ్ల తర్వాత వంగిన నడుము నన్ను ప్రతి సాలులోనూ తిట్టింది. నేను బదులు ఎగ్గొట్టిన ఒకామె చేనులో పీకుతుంటే ఆమె పక్కకొచ్చి, మీ అత్త నీకన్న గట్టిగ గుంజేది అంది. నేను ఇంకా గట్టిగా గుంజాను. పని చేస్తున్నంతసేపూ కళ్లు మిల్లు వైపే. ఆ ముసలివాళ్లు ఎంత ఒలిచి ఉంటారు, తడి కాయకు వేడి పుట్టిందా, బూజు వాసన వస్తోందా? కోస్గి దిక్కు నుంచి గాలి వచ్చినప్పుడల్లా వాసన చూశాను. ఎవరైనా చూసి ఉంటే నాకు పిచ్చి అనుకునేవాళ్లు.

పొద్దు వాలుతుండగా, మోకాలి దాకా బురదతో మిల్లు గేటులోకి పరుగెత్తినట్టే వచ్చాను. వాకిట్లో కాయ లేదు. షెడ్డులోకి పోయాను. కింద ఊడ్చి ఉంది. గోడవార బస్తాలు, మూతులు కుట్టినవి, ఒకదాని మీద ఒకటి. పొట్టు అంతా ఒక మూల కుప్ప. నా పీట మీద అత్త కాళ్లు చాపుకుని కూర్చుని, వేళ్లకు ఆముదం రాసుకుంటోంది. మేనేజర్ కుట్టు సూది పట్టుకుని ఆఖరి బస్తా కుడుతున్నాడు. ఆయన తెల్ల చొక్కా పొట్టు రంగులోకి మారిపోయింది.

"బూజు?" అన్నాను.

అత్త ఒక గుప్పెడు గింజ నా చేతిలో పోసింది. ఎర్రగా, నిండుగా, ఒక్కటి విరగలేదు. ఒక్కదానికి మచ్చ లేదు. నేను వాటిని చూస్తూ అక్కడే కూలబడి ఏడ్చాను. పొద్దుటి నుంచీ ఆపుకున్నదంతా వచ్చేసింది. అత్త నన్ను ఓదార్చలేదు. బురద కాళ్లతో షెడ్డులకు వచ్చినవు, ఎవరు ఊడుస్తరు అంది. సరిగ్గా అప్పుడే మిస్త్రీ కొత్త పట్టా చుట్ట భుజానికి వేసుకుని బస్సు దిగి వచ్చాడు, అన్న రోజే, శుక్రవారమే. ఖాళీ వాకిలి చూసి, నిండిన షెడ్డు చూసి, భుజం మీది పట్టాను దించి దాని మీదే కూర్చున్నాడు. నేను రాకపోయినా నడిచేటట్టుందే అన్నాడు.

శనివారం లారీ వచ్చింది, సేటు వచ్చాడు. అత్తను పోనివ్వలేదు నేను. షెడ్డు ఆడవాళ్లంతా వరుసగా నిలబడ్డాం. సేటు నాలుగు బస్తాలకు బొంబు, అదే మొన తేలిన ఇనుప గొట్టం, పొడిచి గింజ తీయించాడు. అరచేతిలో వేసుకుని ఊదాడు, కొరికాడు, ఇంకో బస్తా అన్నాడు, మళ్లీ కొరికాడు. మిషన్ కొట్టిన గింజ ఇంత నిండుగా ఎప్పుడూ చూడలేదే అన్నాడు. మిషన్ కాదని మేనేజర్ చెప్పాడు. పట్టా తెగడం, ముసురు, బదులు, ఎండ, అన్నీ చెప్పాడు. తప్పు ఎవరిదో మాత్రం చెప్పలేదు. నేనే చెప్పబోతే, ఆగమన్నట్టు చేయి ఎత్తాడు. ఆ చేతి బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది.

బస్తాలన్నీ ఎక్కాయి. లారీ కదిలింది. సేటు పోబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "జల్లెడ మిషన్ ఎప్పుడొస్తదంటివి?" అని మేనేజర్‌ని అడిగాడు.

మేనేజర్ ఒకసారి మా వరుస వైపు చూశాడు. ఇరవై రెండు ముఖాలు, చివర మా అత్త. ఆయనకు వచ్చిన ఒకే ఒక్క ఉర్దూ ముక్క బయటికి తీశాడు.

"పర్సోం," అన్నాడు.

ఎల్లుండా! రెండు రోజులు మా పక్కన కూర్చుని ఒలిచిన మనిషి నోట ఈ మాటా? వరుసలోంచి ఒకడుగు ముందుకేసి అడిగాను.

"ముందటిదా సార్, ఎనుకటిదా?"

ఆయన గుడ్డ చుట్టిన బొటనవేలు ఎత్తి, భుజం మీదుగా వెనక్కి, మొన్నటి గురువారం దిక్కుకు చూపించాడు.